పేరిందేవి పిడికెడు

కొవ్వూరి పేరిందేవి కుడిచెయ్యి ఒకప్పుడు పదకొండు నెలలపాటు ప్రభుత్వం వారి ఆస్తిగా ఉండేది. చెయ్యి తప్ప మిగతా మనిషంతా ఆవిడదే. ఎవరూ అపార్థం చేసుకోకుండా ఆ సంగతి ఉత్తర్వులో స్పష్టంగానే రాశారు.

గోదావరి కాలవ పక్కన నేరేళ్ళమెరక అని ఒక ఊరుంది. ఊళ్ళో పాతిక దాకా కోళ్ళఫారాలున్నాయి. అందరూ పది వేలు, ఇరవై వేల కోళ్ళవాళ్ళే. పేరిందేవివి నాలుగువందల ఎనభై. ఇంటి వెనక రేకుల షెడ్డు, అందులో గుడ్లపెట్టలు. పెద్ద ఫారాలవాళ్ళు కోళ్ళని వేలల్లో లెక్కేస్తారు. ఈవిడ మాత్రం ఏ కోడి నిన్న మేత తక్కువ తిన్నదో, ఏది పక్కదాన్ని పొడుస్తుందో విడివిడిగా చెబుతుంది. మొగుడు చిట్టబ్బాయి ఎన్ని రోజులు సరిగ్గా తిన్నాడో మాత్రం ఆవిడకి గుర్తుండదు.

పొద్దున్న ఏడింటికి దాణా కలుపుతుంది. మొక్కజొన్న నూక, సోయాపిండి, తవుడు గంపలో పోసి, గంపకి పిడికెడు వాము, చారెడు ఎండు కరివేపాకు పొడి, చిటికెడు మిరియాల పొడి, కాస్త పసుపు, నలగ్గొట్టిన వెల్లుల్లి వేస్తుంది. ఇది అత్తగారు నేర్పిన పద్ధతి. ఎంతెంత వెయ్యాలో అత్తగారు చెప్పలేదు. ముందు ఆకాశం చూడు, తరవాత రెట్టలు చూడు, అప్పుడు వాములో చెయ్యి పెట్టు అంది. పేరిందేవి ముప్ఫై ఏళ్ళుగా ఆ మూడూ ఆ వరసలోనే చేస్తోంది. ఆవిడ కోళ్ళు మందుబిళ్ళ మొహం చూడకుండా గుడ్లు పెడుతున్నాయి.

ఆ ఏడు రాష్ట్రంలో ‘సహజం’ అనే మాటకి గిరాకీ పెరిగింది. సబ్బు సహజం, గోడలకి వేసే రంగు సహజం, ఒక జిల్లాలో అయితే ట్రాఫిక్ కూడా సహజమే అన్నారు. మనుషులందరూ సహజమైపోయాక కోళ్ళ వంతు వచ్చింది. కోళ్ళ మేతలో మందులు మాని మూలికలు, మసాలా దినుసులు వాడించడానికి ‘సహజ దాణా సంకలిత ద్రవ్యాల ప్రోత్సాహక విభాగం’ అని ఒకటి పుట్టింది. దాని ఉప సంచాలకులు విశ్వపతి గారు. ఆయన కోడిని ఎన్నడూ కోడి అనరు, ‘పక్షి’ అంటారు. గుడ్డుని ‘ఉత్పత్తి’ అంటారు. ఆమ్లెట్టుని ఏమంటారో ఎవరికీ తెలియదు.

ఊళ్ళో పశువుల ఆసుపత్రి సహాయకుడు ఏసుపాదం ఒకరోజు ఆయన్ని పేరిందేవి షెడ్డుకి తీసుకొచ్చాడు.

“అక్కా, పెద్దసారండి. నువ్వు దాణాలో ఏం కలుపుతావో చూత్తానంటున్నారు.”

పేరిందేవి చీర కుచ్చెళ్ళు సర్దుకుని, చూపించింది. విశ్వపతి గారు గంపలోకి వంగి వాసన పీల్చి, కళ్ళు మూసుకున్నారు. “అద్భుతం! మన ప్రాచీన జ్ఞానం! అమ్మా, ఈ యవాని ఎంత పరిమాణంలో వినియోగిస్తారు?”

“యవానీ ఏంటండీ?”

“వామక్కా,” అన్నాడు ఏసుపాదం.

“వామాండీ? ఎంతంటే ఏం చెప్పనండి, ఓ పిడికెడు.”

“ఎల్లవేళలా పిడికెడేనా?”

“పిడికెడేనండి. ముసురు పడితే పెద్ద పిడికెడు, ఎండ కాత్తే చిన్న పిడికెడు.”

విశ్వపతి గారు ‘పిడికెడు’ అని రాసుకుని కలం మూసేశారు. “పెద్ద, చిన్న అనేవి మా పట్టికలో పట్టవమ్మా. గడి చిన్నది.”

తప్పంతా అక్కడే జరిగిపోయింది. తరవాత జరిగినదంతా ఆ తప్పుని సక్రమంగా అమలు చేయడమే.

ఫైలు రాజధానికి వెళ్ళింది. నెల తిరక్కుండా ప్రశ్నలు వచ్చాయి: పిడికెడు అనగానేమి? ఎవరి పిడికెడు? కుడిచేతిదా, ఎడమచేతిదా? సదరు పిడికెడు భోజనమునకు పూర్వమా, అనంతరమా? విశ్వపతి గారు వెనకాడే మనిషి కాదు. ‘పిడికెడు అనగా శ్రీమతి కొవ్వూరి పేరిందేవి కుడిచేతి పిడికెడు, భోజనమునకు పూర్వము’ అని జవాబు రాశారు. ఉత్తర్వు అలాగే వెలువడింది. ఆ రోజు నుంచీ రాష్ట్రంలో ఎవరు ఎక్కడ ‘పిడికెడు’ అన్నా, చట్టం దృష్టిలో పేరిందేవి చెయ్యే.

ఊరు ఊరంతా మురిసింది. సర్పంచి శాలువా కప్పాడు. పేరిందేవి కూడా సంతోషించింది, అబద్ధం ఎందుకు. పది వేల కోళ్ళవాళ్ళ ముందు నాలుగొందల కోళ్ళ మనిషికి కుర్చీ వేస్తే ఎవరికి మాత్రం బాగుండదు?

పదిరోజుల్లో కొలతల సంఘం వచ్చింది. నలుగురు అధికారులు, అద్దాల పెట్టెలో ఒక త్రాసు. పేరిందేవి చేత పన్నెండుసార్లు వాము తీయించి పన్నెండుసార్లు తూచారు. ఒకసారి నలభై ఒక్క గ్రాములు వచ్చింది, ఒకసారి ముప్ఫై మూడు, మరోసారి ముప్ఫై తొమ్మిది. సంఘం అధ్యక్షుల వారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“హస్తంలో స్థిరత్వం లోపించింది,” అన్నారు.

“చెయ్యి శుబ్బరంగా ఉందండి,” అంది పేరిందేవి. “ఇందాకా మబ్బేసిందండి, అందుకని రెండు గింజలు ఎక్కువొచ్చినియ్యి. ఇప్పుడు ఎండొచ్చింది.”

“అమ్మా, మబ్బు మా పరిధిలోకి రాదు. అది వాతావరణ శాఖ.”

చివరికి పన్నెండింటినీ కూడి, భాగించి, పిడికెడు అంటే ముప్ఫై ఏడు పాయింట్ నాలుగు గ్రాములని తేల్చారు. ఆ పన్నెండుసార్లలో ఒక్కసారి కూడా ఆ చెయ్యి ముప్ఫై ఏడు పాయింట్ నాలుగు తియ్యలేదు. అయినా సగటు అన్నాక అంతే, అందులో ఎవరూ ఉండరు.

మర్నాడు శిల్పి వచ్చాడు. “పిడికిలి బిగించమ్మా,” అన్నాడు. బిగించింది. సుద్దపిండితో అచ్చు తీసుకుని వెళ్ళాడు. ఆ అచ్చుతో మూడు వేల స్టీలు చేతులు పోతపోశారు. మణికట్టు మీద ‘ప్రామాణిక హస్తం, 37.4 గ్రా.’ అని చెక్కారు. రాష్ట్రంలో ప్రతి ఫారానికీ ఒకటి పంచారు.

నేరేళ్ళమెరకలో పంపిణీ సభ జరిగింది. స్టీలు చెయ్యి అందుకున్న చిట్టబ్బాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఏవండీ, ఇది మూసేసుంది కదండీ,” అన్నాడు. “వాము ఎక్కడ పొయ్యాలండి?”

సభలో అందరూ తమ చేతిలోవి తిప్పి చూసుకున్నారు. నిజమే. అచ్చు బిగించిన పిడికిలికి తీశారు. స్టీలు పిడికిలి బిగించుకునే ఉంది. ఆ వేళ్ళ మధ్యలోంచి ఆవగింజ కూడా దూరదు.

విశ్వపతి గారు ఒక్క నిమిషం ఆలోచించారు. ఒకే ఒక్క నిమిషం. అందుకే ఆయన ఉప సంచాలకులు, మనం కాదు.

“పిడికెడు అనగా పిడికిలి లోపల ఉండేది,” అన్నారు. “ఇది పిడికిలి. కనుక పిడికెడు దీని లోపల ఉంది. అది కనబడకపోవడం దాని భద్రతను సూచిస్తుంది.”

వారం తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది. ‘పిడికెడు ప్రామాణిక హస్తములో అంతర్గతముగా ఉన్నట్లు పరిగణించి, సదరు హస్తమును దాణాపై ముమ్మారు ఆడించవలెను. అదనముగా చేతితో గాని, గరిటెతో గాని, తదితర అప్రామాణిక సాధనములతో గాని ద్రవ్యములు కలుపుట నిషిద్ధము.’

పెద్ద ఫారాలవాళ్ళకి ఏ ఇబ్బందీ లేదు. పొద్దున్న స్టీలు చెయ్యి మూడుసార్లు ఆడించి, రిజిస్టర్లో రాసి, నీళ్ళ తొట్టెలో మామూలుగా మందు కలిపేసేవారు. మిగతా సమయంలో ఆ చేత్తో వెల్లుల్లి దంచుకునేవారు. దానికి మాత్రం అది ఎంతో బాగా పనికొచ్చింది. వాము వినియోగం రాష్ట్రవ్యాప్తంగా గణనీయంగా తగ్గిందనీ, ఇది విభాగం సాధించిన పొదుపనీ విశ్వపతి గారు నివేదిక పంపారు.

చిక్కంతా పేరిందేవికే వచ్చింది. స్టీలు చేతులన్నింటికీ మూలం ఆవిడ చెయ్యి. మూలం అరిగితే ప్రమాణం ఏమైపోవాలి? అందుకని మరో ఉత్తర్వు వచ్చింది. ఆ చెయ్యి ‘మూల ప్రమాణ హస్తం’. దానితో అంట్లు తోమరాదు, బరువులెత్తరాదు, దాణా కలపరాదు. చెయ్యి గల వ్యక్తి ఒళ్ళు చేయరాదు, చిక్కరాదు. వార్షిక తనిఖీ వరకు చేతికి నూలు తొడుగు వేసి, మణికట్టు దగ్గర లక్కముద్ర వెయ్యాలి. ముద్ర చెడితే షెడ్డుకి తాళం వేసి, పక్షులన్నింటినీ ప్రభుత్వ క్షేత్రానికి తరలిస్తారు.

ఏసుపాదం లక్క కరిగించి ముద్ర వేస్తూ తలెత్తలేదు. “నన్నేం అనకక్కా. నాకు కాయితం వచ్చింది.”

“నిన్నేం అంటాను తమ్ముడూ? మరి కోళ్ళకి ఎవరు కలుపుతారో అది కూడా నీ కాయితంలో ఉందా?”

ఉంది. స్టీలు చెయ్యి, ముమ్మారు.

ఇంట్లో కొత్త కాపురం మొదలైంది. కుడిచెయ్యి తొడుగులో ఉంది గనక చిట్టబ్బాయే అన్నం కలిపి ముద్దలు పెట్టాలి. పెళ్ళైన ముప్ఫై ఏళ్ళలో ఆయనకి ఆ పని ఎప్పుడూ పడలేదు. మొదటిరోజు సిగ్గుపడి, కిటికీ తలుపు వేసి మరీ పెట్టాడు. రెండోవారానికి అలవాటైపోయి, ఆవకాయ ముద్ద కలిపి, “ఇంకో ముద్ద తినవే, చిక్కితే మళ్ళీ నోటీసొత్తాది,” అనడం మొదలెట్టాడు. ప్రభుత్వం వల్ల పేరిందేవికి ఏదైనా మేలు జరిగిందంటే ఇదొక్కటే. నిజం చెప్పాలంటే అది చిన్న మేలేమీ కాదు.

కోళ్ళ సంగతి మాత్రం బాగులేదు. స్టీలు చెయ్యి దాణా మీద ఆడుతోంది. దాణాలో వాము లేదు, మిరియం లేదు, కరివేపాకు లేదు. కోళ్ళు గంపలో వెతుక్కుని, తలెత్తి పేరిందేవి వైపు చూసేవి. ఆవిడ మొహం తిప్పుకునేది.

ఒకసారి తెగించి, మొగుడి చేత కలిపించింది. చిట్టబ్బాయి చెయ్యి ఆవిడ చేతికి రెండింతలు. పైగా “పోనీలే పాపం” అనుకుని మిరియం ఉదారంగా వేశాడు. ఆ రోజంతా నాలుగువందల ఎనభై కోళ్ళూ తుమ్ముతూనే ఉన్నాయి. మరోసారి గరిటెతో ప్రయత్నించింది. గరిటెతో వేస్తే ఎంత పడిందో ఆవిడకి తెలిసేది కాదు. వాము గింజలు అరచేతికి తగిలితేనే ఆవిడకి లెక్క తెలుస్తుంది. ఎడమచేత్తో కలుపుకోవచ్చా అని అర్జీ పెట్టింది. ‘ఎడమచెయ్యి మూల హస్తమునకు నకలుగా భావింపబడి శిక్షార్హమగును’ అని నెలన్నరకి జవాబొచ్చింది.

శ్రావణం దాటాక ముసురు పట్టింది. మూడురోజులు తెరిపి లేదు. నాలుగోరోజు పొద్దున్న పేరిందేవి షెడ్డులోకి వెళ్ళేసరికి రెట్టలన్నీ నీళ్ళలా ఉన్నాయి. పదిహేడు కోళ్ళు రెక్కలు జారేసి మూల కూర్చున్నాయి. రెండు అప్పటికే పోయాయి. అందులో ఒకటి రోజూ ఆవిడ కొంగు పొడిచే ఎర్రపెట్ట. గుడ్లు చూస్తే పట్టుకోగానే చితికిపోయే తోలుగుడ్లు.

ఏసుపాదాన్ని పిలిచింది. అతను చూసి నాలిక కరుచుకున్నాడు.

“సారుకి ఫోన్ చేశానక్కా. స్టీలు చెయ్యి ముమ్మారు కాదు, ఆరుమార్లు ఆడించమంటున్నారు.”

పేరిందేవి ఎర్రపెట్టని ఎడమచేత్తో ఎత్తి పక్కన పెట్టింది. ఆవిడకి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది. తన చెయ్యి తన భుజానికే వేలాడుతుండగా తన కోళ్ళు చచ్చిపోవడమేమిటి? మణికట్టు దగ్గర లక్కముద్రని పళ్ళతో కొరికి ఊసేసింది. తొడుగు లాగి అవతల పారేసింది.

“అక్కా! అయ్ బాబోయ్! ఉజ్జోగం పోద్దక్కా!”

“నువ్వు చూళ్ళేదులే. అటు తిరుగు.”

ఏసుపాదం అటు తిరిగాడు. అతని ఉద్యోగ జీవితంలో చేసిన మంచిపనుల్లో అది మొదటిది.

పేరిందేవి ఆకాశం చూసింది, రెట్టలు చూసింది, వాము డబ్బాలో చెయ్యి పెట్టింది. ఇన్ని నెలలు వెలుతురు తగలక ఆ చెయ్యి తెల్లగా పాలిపోయింది. అయినా వాము తగలగానే వేళ్ళు వాటంతట అవే మూసుకున్నాయి. పెద్ద పిడికెడు తీసింది. వెల్లుల్లి రెట్టింపు, మిరియం కాస్త ఎక్కువ. ఆ రోజు, మర్నాడు, ఆ మర్నాడు అలాగే కలిపింది. అయిదోరోజుకి మూల కూర్చున్నవి లేచి ఒకదాన్నొకటి పొడుచుకోసాగాయి. కోళ్ళు కొట్టుకుంటుంటే చూసి అంత సంతోషించిన మనిషిని చిట్టబ్బాయి ఎప్పుడూ చూడలేదు.

సంతోషం వారం రోజులే. వార్షిక తనిఖీకి విశ్వపతి గారు, కొలతల సంఘం, అద్దాల త్రాసు అంతా జీపుల్లో దిగారు.

ఏసుపాదం గోడకి అతుక్కుపోయాడు. విశ్వపతి గారు పేరిందేవి బోడిచెయ్యి చూశారు. తొడుగు లేదు, ముద్ర లేదు. షెడ్డు తాళాన్నీ, కోళ్ళని తరలించే పెట్టెల్నీ వెంట తెచ్చుకున్న మనిషి జీపు దగ్గర సిద్ధంగా నిలబడ్డాడు.

“ముందు తూకం,” అన్నారు అధ్యక్షుల వారు. వరస తప్పితే ఆయనకి నచ్చదు.

ఆవేళ ఎండ ఫెళ్ళున కాస్తోంది. పేరిందేవి వాము తీసింది. ఇరవై తొమ్మిది గ్రాములు. మళ్ళీ తీసింది. ఇరవై ఎనిమిదిన్నర. ఎన్నిసార్లు తీసినా ఆ ఎండకి ముప్ఫై దాటలేదు. బల్ల మీద స్టీలు పిడికిలి మాత్రం తళతళా మెరుస్తూ, మణికట్టు మీద ముప్ఫై ఏడు పాయింట్ నాలుగు అని చెబుతూనే ఉంది.

అధికారులు చెట్టునీడకి వెళ్ళి గంటసేపు చర్చించారు. చెయ్యి నిజమైతే స్టీలు చేతులు మూడు వేలూ తప్పు. వాటి మీద వచ్చిన నివేదికలు తప్పు. విశ్వపతి గారికి రాబోయే పదోన్నతి తప్పు. అందుకని వేరే దారి లేకపోయింది. విశ్వపతి గారు గొంతు సవరించుకుని తిరిగొచ్చారు.

“ప్రమాణం తప్పు కావడానికి వీల్లేదు. కనుక ఈ చెయ్యి ఆ చెయ్యి కాదు. మూల ప్రమాణ హస్తం అదృశ్యమైనట్లు సంఘం ఏకగ్రీవంగా నిర్ధారించింది.”

“అదృశ్యమేంటండి?” అంది పేరిందేవి. “ఇదిగోనండి. ఇదే కదండీ!”

“ఇదే అయితే అమ్మా,” అన్నారాయన మెల్లగా, “ముద్ర చెరిపినందుకు షెడ్డుకి తాళం వెయ్యాలి. ఇది కాకపోతే దీనికి ముద్రే లేదు. చెరిపే ప్రశ్నే లేదు.”

అధ్యక్షుల వారు అప్పటికే వాంగ్మూలం రాయించేశారు. పైకి చదివారు: ‘కొవ్వూరి పేరిందేవి, భర్త చిట్టబ్బాయి, అను నేను తెలియజేయునది ఏమనగా, ప్రస్తుతము నా భుజమునకు గల కుడిచెయ్యి నాది కాదు. నా అసలు చెయ్యి ఎక్కడ ఉన్నదీ నాకు తెలియదు.’

పేరిందేవి తన చెయ్యి తిప్పి చూసుకుంది. బొటనవేలి మీద చిన్నప్పుడు గంజి పడి కాలిన మచ్చ ఉంది. మధ్యవేలి మీద కత్తిపీట గాటు ఉంది. ఈ చేత్తోనే పసుపు దంచింది, పిల్లలకి నలుగు పెట్టింది, పోయేముందు అత్తగారి నోట్లో తులసి నీళ్ళు పోసింది. ఇది నాది కాదని తన నోటితో ఎలా అనడం?

షెడ్డులోంచి కోళ్ళు గోల పెడుతున్నాయి. మధ్యాహ్నం మేత వేళ దాటిపోతోంది. తాళం పట్టుకున్న మనిషి ఇటే చూస్తున్నాడు. చిట్టబ్బాయి పక్కకొచ్చి నిలబడ్డాడు.

“ఎవరిదైతే ఏంటే,” అన్నాడు చెవిలో. “ఉంది కదా. కలుపుకుందాం.”

“నాది కాదండి,” అంది పేరిందేవి గట్టిగా.

కలం అందుకోబోతే విశ్వపతి గారు ఆపారు. “సంతకం చాలదమ్మా. చెయ్యికి సంబంధించిన వ్యవహారం కనుక వేలిముద్ర కావాలి.”

“ఏ చేతిది సార్?” అన్నాడు ఏసుపాదం సిరా డబ్బా పట్టుకుని.

“నిబంధన తెలియదటయ్యా? మగవారికి ఎడమ, ఆడవారికి కుడి.”

ఒక్క క్షణం అక్కడున్న వాళ్ళందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పేరిందేవి తనది కాని కుడిచేతి బొటనవేలు సిరాలో ముంచి, ఈ చెయ్యి నాది కాదు అన్న వాక్యం కింద ఒత్తింది. ముద్ర గంజిమచ్చ అంచుతో సహా స్పష్టంగా పడింది. అధ్యక్షుల వారు ఊది ఆరబెట్టి, బాగా వచ్చిందని మెచ్చుకున్నారు.

జీపులు వెళ్ళేముందు షెడ్డు గోడకి ఒక ప్రకటన అంటించారు. ‘మూల ప్రమాణ హస్తం (కుడి) కనబడుట లేదు. ఆచూకీ తెలిసినవారు సమీప కార్యాలయమున తెలియజేయవలెను.’ కింద ఆ చెయ్యి ఫోటో కూడా ఉంది.

మర్నాడు పొద్దున్న ఏడింటికి పేరిందేవి ఆ ప్రకటన కిందే పీట వేసుకుని కూర్చుంది. గంపలో దాణా పోసింది. వెల్లుల్లి నలగ్గొట్టడానికి స్టీలు పిడికిలి దగ్గర పెట్టుకుంది. తలెత్తి ఆకాశం చూసింది. తూర్పున మబ్బు పడుతోంది. వాము డబ్బాలో చెయ్యి పెట్టి, రెండు గింజలు ఎక్కువే తీసింది.